పాఠకుల ప్రశ్నలు: మొగలు, పోట్లు, ఉప్పుటేళ్లు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మొగ గురించే, అంటే ఏరో సరస్సో సముద్రంలో కలిసే చోటు గురించే ఉన్నాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం. మొదటి జవాబు పొడుగైంది. తక్కినవాటిలో చాలావాటికి అదే పునాది కాబట్టి దాన్ని కుదించలేదు.

పులికాట్ సరస్సుకు మా వైపున్న మొగ పూడిపోయింది. తెరిపించమని అడుగుతున్నాం. తెరిచినా నిలవదని కొందరంటున్నారు. బాగా వెడల్పుగా తవ్వితే నిలుస్తుంది కదా?
— ఒక మత్స్యకారుడు, వాకాడు మండలం

వెడల్పు ఎక్కువైతే ఇంకా తొందరగా పూడే ప్రమాదం ఉంది. వినడానికి వింతగా ఉన్నా, లెక్క వేస్తే తేలిపోతుంది.

మొగను తెరిచి ఉంచేది రోజుకు రెండుసార్లు పోటుకు లోపలికొచ్చి, పాటుకు బయటికి పోయే నీళ్లు. మూసేది ఒడ్డు వెంబడి అలలు మోసుకొచ్చే ఇసుక. ఈ రెండింటిలో ఏది గెలిస్తే మొగ దానిది. అందుకే ముందు కొలవాల్సింది పోటుకు లోపలికి ఎన్ని నీళ్లొస్తాయన్నది. సరస్సులో పోటు తగిలే మేర 10 చదరపు కిలోమీటర్లు, అక్కడ నీటిమట్టం పోటుకూ పాటుకూ మధ్య 10 సెంటీమీటర్లు మారుతుంది అనుకుందాం. అంటే ఒక్కో పోటుకు 10 లక్షల ఘనపు మీటర్లు. పాటు సమయం సుమారు 6 గంటల 12 నిమిషాలు. ఆ నీళ్లన్నీ అంతసేపట్లో బయటికి పోవాలంటే సగటున సెకనుకు 45 ఘనపు మీటర్లు పారాలి.

ఇప్పుడు మొగ కొలతకు వద్దాం. 200 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతున తవ్వారనుకోండి. అడ్డుకోత, అంటే వెడల్పును లోతుతో గుణిస్తే వచ్చేది, 600 చదరపు మీటర్లు. అందులో నీటి వేగం సెకనుకు 7, 8 సెంటీమీటర్లు. తీరపు ఇసుక కదలాలంటే కనీసం 30 నుంచి 50 సెంటీమీటర్ల వేగం కావాలి. అంటే పాటు ఒక్క రేణువును కూడా బయటికి తోయదు. అల తెచ్చి పడేసింది పడేసినట్టే ఉంటుంది. అదే నీటికి 22 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు చాలనుకుంటే వేగం సెకనుకు సుమారు 70 సెంటీమీటర్లకు చేరుతుంది. అప్పుడు మొగ తన గొంతు తానే శుభ్రం చేసుకుంటుంది. అమెరికన్ ఇంజినీరు ఓబ్రయన్ 1931లో చూపి, 1969లో సరళం చేసిన సంబంధం ఇదే. పెద్ద పోటుకు (అమావాస్య, పౌర్ణమి వేళలది) వచ్చిపోయే నీళ్లను ఘనపు మీటర్లలో తీసుకుని 0.000066తో గుణిస్తే, మొగ సహజంగా నిలబెట్టుకోగల అడ్డుకోత చదరపు మీటర్లలో వస్తుంది. పైన మనం తీసుకున్న 10 లక్షలకు వచ్చేది 66 చదరపు మీటర్లు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మొగ ఇప్పటికే బిగుసుకుపోయి, దానివల్లనే లోపలికి పోటు అందకపోతుంటే, కొంత వెడల్పు చేసినప్పుడు లోపలికొచ్చే నీళ్లూ పెరుగుతాయి. కానీ అది ఒక హద్దు వరకే. లోపలి మట్టం సముద్రపు మట్టంతో సమానంగా ఆడడం మొదలయ్యాక, ఆపైన తవ్వే ప్రతి మీటరూ వేగాన్ని తగ్గించేదే.

ఇక ఇసుక సంగతి. మన తూర్పు తీరం వెంట ఏటా లక్షల ఘనపు మీటర్ల ఇసుక నడుస్తుంది. మార్చి నుంచి అక్టోబరు దాకా ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాల నెలల్లో దక్షిణానికి. మొత్తం మీద మొగ్గు ఉత్తరానికే. ఏడాదికి 5 లక్షలు అనుకుంటే, 10 లక్షల నీళ్లను దానితో భాగిస్తే వచ్చేది 2. బ్రూన్ అనే తీర ఇంజినీరు పెట్టిన కొలమానం ప్రకారం ఈ అంకె 150 దాటితే మొగ నిక్షేపంగా ఉంటుంది. 50కి తగ్గితే మొగ బయట అడ్డంగా ఇసుకమేట పడుతుంది. 20కి లోపైతే వరదలప్పుడు తెరుచుకుని, వరద తగ్గగానే మూసుకునే రకం. మనకు వచ్చింది 2. కాబట్టి ఒకసారి తవ్వి చేతులు దులుపుకునే పని కాదిది.

మరి చేయగలిగిందేమిటి? మొదటిది, మొగ కన్నా ముందు లోపలి కాలువలను చూడాలి. పులికాట్ సగటు లోతు మీటరు పరిసరాల్లోనే ఉంటుంది. మొగకు లోపలి పక్కన పోటు తెచ్చి పరిచిన ఇసుక తిన్నెలు నీటిని అక్కడే ఆపేస్తాయి. వాటి మధ్య నుంచి సరస్సు లోతట్టుకు దారి తీస్తే పోటు తగిలే మేర పెరుగుతుంది, దాంతో వచ్చిపోయే నీళ్లూ పెరుగుతాయి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు కట్ట సరస్సును అడ్డంగా కోస్తుంది కాబట్టి ఆ కట్ట కింద తూములు పూడకుండా చూడడమూ ఈ లెక్కలోదే.

రెండోది అదను. సరస్సులోకి వాన నీళ్లు వచ్చేది ఎక్కువగా అక్టోబరు, డిసెంబరు మధ్య. లోపలి మట్టం సముద్రం కన్నా ఎత్తుగా ఉన్నప్పుడు కోస్తే నీళ్లే తవ్వుకుపోతాయి. సరస్సు వైపు నుంచి మొదలుపెట్టి 5, 6 మీటర్ల వెడల్పున పిల్లకాలువ తీసి, సముద్రం పక్క మాత్రం కట్ట ఉంచాలి. ఆ కట్టను పాటు మొదలయ్యే వేళకు తెంచాలి. పోటు మీద తెంచితే సముద్రమే ఇసుకను లోపలికి తోస్తుంది. మూడోది, తవ్విన ఇసుకను మొగకు దక్షిణాన పోయకూడదు. ఏడాదిలో ఎక్కువ నెలలు నడక ఉత్తరానికి కాబట్టి అది తిన్నగా మళ్లీ మొగలోకే వస్తుంది. ఉత్తరాన, దూరంగా వేయాలి. పొక్లెయిన్ తిరిగే దూరం తక్కువని గట్టు మీదే కుప్ప పోసేయడం చాలాచోట్ల కనిపిస్తుంది. పెట్టిన డబ్బంతా ఆ కుప్పతోనే తిరిగి ఏట్లోకి పోతుంది.

రాతి గట్లు కడితే మొగ నిలుస్తుందా అని ఇంకొకరు అడిగారు. నిలిచే అవకాశం పెరుగుతుంది. కానీ దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. చెన్నై హార్బర్ గోడలు లేచాక దక్షిణాన మెరీనా బీచ్ వెడల్పయింది, ఉత్తరాన రాయపురం కోతకు గురైంది. ఉత్తరాన ఊరుంటే, ఆపిన ఇసుకను ఏటా అవతలికి చేర్చే ఖర్చును కూడా మొదటే అంచనాలో రాయాలి. రాయకపోతే ఆ గట్టు వద్దనే మా మాట.

కాకినాడకు ఎదురుగా హోప్ ఐలాండ్ ఎలా పుట్టింది? దానికీ ఉప్పాడ కోతకూ సంబంధం ఉందా?
— ఒక డిగ్రీ విద్యార్థిని, కాకినాడ

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలుతుంది. వసిష్ఠ అంతర్వేది దగ్గర కలుస్తుంది, దాని నుంచి విడిపోయిన వైనతేయ ఓడలరేవు వైపు పోతుంది. గౌతమి యానాం దాటి భైరవపాలెం వైపు సముద్రాన్ని చేరుతుంది. గౌతమి దించిన ఇసుకను అలలు ఉత్తరానికి నడిపించగా, మొగ దగ్గర మొదలై సాగుతూ వచ్చిన ఇసుక నాలుకే హోప్ ఐలాండ్. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. ఒకటిన్నర, రెండు శతాబ్దాల్లో పెరిగింది. భూమి వయసులో అది నిన్నటి సంగతి.

దాని వెనుక చిక్కిన నీరే కాకినాడ అఖాతం. బయటి అల లోపలికి రాదు కాబట్టి రేవుకు దన్ను. అదే కారణంగా గౌతమి పాయలైన కోరంగి ఏరు, గాడేరు తెచ్చే ఒండ్రు బయటికి పోక అఖాతంలోనే దిగుతుంది. అల లేనిచోట ఒండ్రు, ఒండ్రు మీద మడ అడవి. 1978లో కోరంగిని అభయారణ్యంగా ప్రకటించారు, విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. ఒకనాడు ఓడలు కట్టిన కోరంగి రేవు పూడిపోయింది. బర్మాలో తెలుగువాళ్లను కొరంగీలని పిలవడం మిగిలింది.

ఉప్పాడ ఆ నాలుక కొసకు ఉత్తరాన ఉంది. నాలుక పెరిగేకొద్దీ ఇసుక దాని కొస దగ్గరే ఆగుతుంది, అలలు వంగే తీరూ మారి కొన్నిచోట్ల ఒడ్డు మీద బలం కేంద్రీకరిస్తుంది. రేవు కట్టడాలూ తోడయ్యాయి. పైగా నది తెచ్చే మట్టే తగ్గింది. గోదావరి 1970 దశకంలో ఏటా 14, 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసేది. 1990 దశకానికి అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. ఎగువ జలాశయాల్లో దిగబడినదే ఆ తేడాలో ప్రధాన భాగం. ఉప్పాడలో ఇసుక నింపిన జియోట్యూబుల గోడ కట్టారు, అదీ దెబ్బతింది. గోడ అలను అడ్డుకోగలదు గానీ రాని ఇసుకను తేలేదు. గోడ మొదట్లో తగిలిన అల కిందికి తవ్వుతుంది, పునాది జారుతుంది, సంచి చిరుగుతుంది.

పడవ మొగ దాటేటప్పుడు తిరగబడే ప్రమాదం ఎప్పుడు ఎక్కువ?
— అంతర్వేది నుంచి

పాటు జోరుగా లాగుతున్నప్పుడు, ఎదురుగా పెద్ద అల వస్తున్నప్పుడు. బయటికి పోయే ప్రవాహం ఎదురొచ్చే అలను కుదించి నిలువుగా లేపుతుంది. మొగ బయట ఇసుకమేట మీద లోతు తక్కువ కాబట్టి అది అక్కడే విరుగుతుంది. అల ఎత్తు నీటి లోతులో సుమారు పదింట 8 వంతులకు చేరితే, అంటే 10 అడుగుల లోతున 8 అడుగుల అల అయితే, విరగక తప్పదు. మేట మీద 2 మీటర్ల నీళ్లే ఉంటే ఒకటిన్నర మీటరు అల చాలు.

దాటడానికి మంచి వేళ పోటు చివరి మూడో వంతు. లోతు ఎక్కువ ఉంటుంది, ప్రవాహమూ, అలలూ ఒకే దిక్కున ఉంటాయి. వరద తగ్గిన వెంటనే పాత దారిని నమ్మొద్దు. ఒక్క వరదకే లోతైన గొంది వంద మీటర్లు పక్కకు జరగొచ్చు. ముందు ఆగి కనీసం పది నిమిషాలు అలలు చూడండి. ఎప్పుడూ తెల్లగా నురుగు లేచేది మేట, ముదురు రంగున నునుపుగా కనిపించే పట్టీ గొంది. లోపలికి వచ్చేటప్పుడు అల వీపున రావాలి, దాన్ని దాటి ముందుకు దూకితే పడవ అడ్డం తిరుగుతుంది. అలల ఎత్తు ముందస్తు అంచనాలు హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ రోజూ ఇస్తుంది. అందులో ఎత్తుతో పాటు అలల మధ్య విరామాన్ని కూడా చూడాలి. విరామం 12 సెకన్లు దాటిన అల దూరం నుంచి వచ్చినది. లోతు సముద్రంలో సాధువుగా కనిపించి, మేట మీదికి రాగానే లేస్తుంది.

రోజూ పోటు ఒకే వేళకు ఎందుకు రాదు? ఎంత నీరు ఎప్పుడు ఎక్కుతుందో ముందే చెప్పొచ్చా?
— ఒక రొయ్యల రైతు, కాట్రేనికోన

పోటుకూ పోటుకూ మధ్య 12 గంటల 25 నిమిషాలు. రోజుకు రెండు కాబట్టి మర్నాటికి 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి గడిచిన ఒకటి రెండు రోజులకు పెద్ద పోటు, అష్టమి తర్వాత చిన్న పోటు. గోదావరి తీరంలో పెద్ద పోటుకు మట్టం తేడా ఒకటి నుంచి ఒకటిన్నర మీటరు దాకా ఉంటుంది. చెన్నై దగ్గర ఇంకొంచెం తక్కువ, హుగ్లీ ముఖంలో 4 మీటర్ల పైనే.

నీరు సమానంగా ఎక్కదు. మొత్తం తేడాను 12 వంతులు చేస్తే, ఆరు గంటల్లో వరసగా 1, 2, 3, 3, 2, 1 వంతులు ఎక్కుతుంది. తేడా 1.2 మీటర్లయితే గంటగంటకూ 10, 20, 30, 30, 20, 10 సెంటీమీటర్లు. చెరువుకు తూము తెరిచి నీళ్లు తీసుకోవాలంటే మూడో, నాలుగో గంటల్లో వేగం ఎక్కువ, ఆఖరి గంటలో ఒండ్రు తక్కువ. మేమైతే ఒండ్రు తక్కువగా ఉన్న వేళనే తీసుకోమంటాం.

పట్టికలో వేళ రేవు దగ్గరిది. ఉప్పుటేటిలో లోపలికి పోయేకొద్దీ ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యం మీ ఏటికి ప్రత్యేకం. గట్టున ఒక కర్ర పాతి, సెంటీమీటర్ల గుర్తులు పెట్టి, రెండు పెద్ద పోట్లు, రెండు చిన్న పోట్లు గడియారం చూసి రాసుకుంటే తేలిపోతుంది. ఇంకో సంగతి మర్చిపోవద్దు. సర్వే ఆఫ్ ఇండియా పోటు పట్టికల్లో ఎత్తులు అతి తక్కువ నీటిమట్టానికి దగ్గరగా పెట్టుకున్న సున్నా నుంచి లెక్కిస్తారు. మీ పొలం సర్వేలో ఎత్తులు సగటు సముద్రమట్టం నుంచి ఉంటాయి. రెండింటినీ నేరుగా పోలిస్తే గట్టు ఎత్తు లెక్క తప్పుతుంది. దీనికి తోడు బంగాళాఖాతం మట్టమే మార్చి కన్నా అక్టోబరు, నవంబరుల్లో అడుగుకు అటూ ఇటూ ఎక్కువ ఉంటుంది. తుపాన్లూ అప్పుడే. గట్టు కొలత వేసవిలో చూసి నిర్ణయించకండి.

సముద్రానికి అరకిలోమీటరు దూరంలో మా దొరువులో (ఇసుకలో తవ్విన లోతు తక్కువ నీటిగుంటలో) నీళ్లు తియ్యగా ఉంటాయి. పక్కనే బోరు వేస్తే ఉప్పొచ్చింది. ఎందుకు?
— చీరాల నుంచి

మంచినీరు ఉప్పునీటి మీద తేలుతోంది కాబట్టి. లీటరు సముద్రపు నీరు సుమారు 1025 గ్రాములు, మంచినీరు 1000. ఆ 25 గ్రాముల తేడా వల్ల ఇసుకలో మంచినీరు సముద్రమట్టానికి 1 మీటరు ఎత్తున నిలిస్తే, దాని కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీరే ఉంటుంది. తిప్పి చదివితే ప్రమాదం తెలుస్తుంది. మోటారు పెట్టి మట్టాన్ని 10 సెంటీమీటర్లు దించితే, ఆ చోట కింది ఉప్పునీరు 4 మీటర్లు పైకి లేవడానికి సిద్ధమవుతుంది. దొరువు పైపైన నీరు తోడుతుంది, బోరు నేరుగా ఉప్పును తాకుతుంది లేదా దాన్ని గొట్టంలోకి లాగుతుంది.

లోతుకు పోకుండా అడ్డంగా పోవడమే పరిష్కారం. 3, 4 మీటర్ల లోతున ఒక చిన్న బావి తీసి, దాని అడుగు నుంచి చిల్లులు పెట్టిన పీవీసీ గొట్టాలను నైలాన్ వల చుట్టి అడ్డంగా పరుస్తారు. నీరు పలుచగా, ఎక్కువ మేర నుంచి వస్తుంది కాబట్టి ఏ ఒక్కచోటా మట్టం పడిపోదు. బాపట్లలోని ఉప్పునీటి వినియోగ పరిశోధన పథకం ఈ పద్ధతి మీద చాలాకాలంగా పనిచేసింది, అడిగితే మీ నేలకు కొలతలు చెబుతారు. చిన్న మోటారు, తక్కువసేపు, రోజుకు రెండు దఫాలు. నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే తాగడానికి మంచిది, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా భారత ప్రమాణం ఒప్పుకుంటుంది. చేతి మీటరుతో వారానికోసారి చూడండి. అంకె వరసగా ఎక్కుతుంటే రుచి మారకముందే మోటారు ఆపాలి. ఒకసారి ఉప్పెక్కిన ఇసుక వానలకు కడిగి తేరుకోవడానికి ఏళ్లు పడుతుంది.

పర్ర భూమిలో, అంటే తీరపు ఉప్పునేలలో, మడ మొక్కలు నాటితే ఒక్క ఏడాదికే ఎండిపోయాయి. ఉప్పులో పెరిగే మొక్కే కదా?
— ఒక ఉపాధ్యాయుడు, నాగాయలంక

ఉప్పును తట్టుకుంటుంది, ఉప్పు గల్లును కాదు. అడవి కొట్టేసిన చోట నేల ఎండి, కుంగి, పళ్లెంలా అవుతుంది. పెద్ద పోటుకు నీరెక్కుతుంది, పాటుకు దిగదు. నిలిచిన నీరు ఆవిరై లవణం సముద్రపు నీటి స్థాయిని దాటిపోతుంది. అక్కడ ఏ మొక్క పెట్టినా అంతే.

కృష్ణా, గోదావరి మడల్లో పనిచేసిన పద్ధతి చేపముల్లు కాలువలు. ఏటి నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు. పోటుకు నీరెక్కి, పాటుకు పూర్తిగా దిగిపోయేలా అడుగు వాలు ఉండాలి. సరిగ్గా దిగుతోందా అని నాటకముందే రెండు పెద్ద పోట్లు చూడాలి. ఒడ్డులు నిలువుగా కోయకుండా వాలుగా తీసి, మొక్కను వాలు మధ్యలో నాటాలి. అడుగున పెడితే మునిగి కుళ్లుతుంది, గట్టు మీద పెడితే ఎండుతుంది. ఏటి అంచు బురదలో మడ, ఉప్పుపొన్న, కొంచెం ఎత్తున తిల్ల. తిల్ల పాలు కంట్లో పడితే చూపుకు ప్రమాదం, పిల్లలతో నాటించకండి. కాలువల్లో ఒండ్రు ఏటా తీయాలి. అది మానేస్తేనే చాలాచోట్ల రెండో ఏడు పోతుంది.

పటంలో ఉన్నచోట మొగ లేదు. ఏ పటాన్ని నమ్మాలి?
— యానాం నుంచి

ఏ అచ్చు పటాన్నీ మొగ విషయంలో నమ్మొద్దు. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. సుమారు 5 రోజులకొకటి, ఒక్కో చుక్క 10 మీటర్లు. మేఘాలు లేని జనవరి, ఏప్రిల్ నెలల మధ్యవి తీసుకోండి. పాతకాలపు స్థితికి 1:50,000 టోపో షీటు పక్కన పెట్టుకోవచ్చు.

రెండు తేదీల చిత్రాలు పోల్చి "ఒడ్డు 40 మీటర్లు కోసుకుపోయింది" అనే ముందు, చిత్రం తీసిన వేళకు పోటు ఎంత ఉందో పట్టికలో చూడండి. ఒడ్డు వాలు 50కి 1 ఉంటే, మట్టం ఒక్క మీటరు పెరిగినా నీటి అంచు 50 మీటర్లు లోపలికొస్తుంది. కాబట్టి ఒకే మట్టం దగ్గర తీసినవే పోల్చాలి, లేదా నీటి అంచును వదిలేసి చెట్ల వరస మొదలయ్యే గీతను కొలవాలి.